జిల్లాపత్రికలలో కర్తృలోపము

వార్త యను శబ్దమునకు నమరసింహుడు రెండు తావుల జోటొసగెను. శబ్దాదివర్గమున వృత్తాంతము, ఉదంతము, ప్రవృత్తి యను పదముల సరసన, జరిగినదానిని దెలుపు మాట యను నర్థమున నొకమాఱు పఠించెను. వైశ్యవర్గారంభమున జీవిక, వృత్తి, వర్తనము మున్నగువానితో జేర్చి, బ్రదుకుతెరువు అను నర్థమున మఱియొకమాఱు పఠించెను. కౌటిల్యుడు విద్యలను నాలుగుగా నెన్ని యందు వార్త నొకదానిని జేసి, కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూడును దానియందే యడగునని చెప్పెను. వైయాకరణులు వృత్తిశబ్దముమీద మత్వర్థమున ణప్రత్యయమును జేర్చి యీ పదమును సాధింతురు. ప్రత్యయమును విధించు సూత్రము పాణినిది. అందు వృత్తిశబ్దమును జేర్చినది వార్తికము. ఏ త్రోవను బోయినను వార్తకు మూలము వృత్తియే.

ఈ రెండవ యర్థమే జిల్లాపత్రికకు బ్రాణము. రాజధానిలో వెలువడు పత్రికకు వార్త యనగా వృత్తాంతము. కరీంనగరముననో యాదిలాబాదుననో తెల్లవాఱి పత్రికను జేతబట్టినవానికి వార్త యనగా వృత్తి. జమ్మికుంట యంగడిలో బ్రత్తిధర, శ్రీరామసాగరము కాలువకు నీరు విడుచు దినము, సిరిసిల్లలో సాంచలు నడచుటయో నిలుచుటయో, తునికాకు కట్ట కిచ్చు మూల్యము - వీనిని జదువువాడు కాలక్షేపమునకు జదువడు. ఇట్టి పత్రికల చరిత్రను వ్రాయువారు సాధారణముగా సంపాదకుల త్యాగములను, ఉద్యమములను, చందాదారుల యలసత్వమును వర్ణింతురు. వాక్యమును బరీక్షించువారు తక్కువ. పత్రిక యొక్క గుణదోషములు తుదకు వాక్యమునందే తేలవలసియుండగా నా పరీక్ష నుపేక్షించుట సమంజసము గాదు. కారకదృష్టితో జూచినచో ఉత్తర తెలంగాణ జిల్లాల పత్రికాభాషయందు బ్రధానమైన ప్రశ్న యొక్కటి కానవచ్చును: ఆ వాక్యములలో గర్త యెక్కడ?

కర్తను జెప్పుట యీ నేలకు గ్రొత్త గాదు. గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన పదియవ శతాబ్దిశాసనము పండితలోకమునకు సుపరిచితము. సంస్కృత కన్నడ తెలుగు భాషలు మూడింట నున్న యా శాసనమున దెలుగు కందములు నన్నయకు బూర్వపు ఛందోరచనకు సాక్ష్యము లగుటచే జర్చ యంతయు ఛందస్సు చుట్టును దిరిగినది. దాని యన్వయమును గూడ గమనింపవలెను. చేయించినవా డెవడు, ఎవని తమ్ముడు, ఏ కొండపై జినప్రతిమలు నిలిపెను, ఏ చెరువు ద్రవ్వించెను, ఏ తోట వేయించెను - అన్నియు నందు గలవు. అరికేసరి పంపకవికి ధర్మపురము నిచ్చిన సంగతియు నందే కలదు. దాత, దేయము, సంప్రదానము, అధికరణము - ఏ కారకమును లోపింపలేదు. అయితే శాసనమునకు గర్తను జెప్పుట సులభము. చేసినది పుణ్యకార్యమైనపుడు కర్త తన పేరును దానే చెక్కించుకొనును. పత్రికకు బ్రాప్తించు కష్టము వేఱు. తన పేరు చెప్పబడుట కిచ్ఛలేని కర్తను నది చెప్పవలసియుండును.

నిజాము రాష్ట్రమున నధికారభాష ఉర్దూ. పత్రిక పెట్టుటకు బ్రభుత్వానుమతి కావలెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడబూనగా సభికులు గేలిచేసిరి. ఆ మఱుసటి యేడే, 1922లో, ఇనుగుర్తి యను గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు 'తెనుగు పత్రిక'ను, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు 'నీలగిరి'ని వెలువరించిరి. రెండును వారపత్రికలే, రెండును గొన్నియేండ్లే నిలిచినవి. కాని రాజధాని కావల, పల్లెలోను జిల్లాపట్టణములోను దెలుగు పత్రిక పుట్టవచ్చునని చూపినవి. 1926 మే 10న సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున 'గోలకొండ పత్రిక' హైదరాబాదున మొదలయ్యెను. కరీంనగరము, ఆదిలాబాదు పాఠకులకు జాలకాలము తెలుగు పత్రిక యనగా నదియే.

తెలంగాణమున గవులు లేరను నాక్షేపణకు గోలకొండ పత్రిక యిచ్చిన యుత్తరము కారకదృష్టికి మిక్కిలి సంతోషకరము. అది వాదమునకు దిగలేదు. 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను బ్రకటించి 354 మంది కవులను, వారి పేళ్లతో, ఊళ్లతో, పద్యములతో ముందు నిలిపెను. కర్తృపదమును నధికరణమును జూపుటకంటె మించిన ఖండనము లేదు. అయినను నది యర్ధవారపత్రిక, అందును రాజధానిది. 1935లో నాంధ్రమహాసభ నాలుగవ సమావేశము మాడపాటి హనుమంతరావు అధ్యక్షత గరీంనగర జిల్లాలోని సిరిసిల్లలోనే జరిగెను. ఆ సభావార్త హైదరాబాదునకు బోయి యచ్చుపడి మరల గరీంనగరము చేరవలసియుండెను. ఊరి సంగతిని ఊరివారు పరాయిచోటినుండి వచ్చిన కాగితములో జదువుకొను నీ వక్రమార్గము ఉత్తర జిల్లాల పత్రికాచరిత్రకు మొదటినుండి యంటియున్నది. రాజధానిలోనైనను గర్తను బేర్కొనుట నిరపాయము గాదని 1948 ఆగస్టు 22న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాను హత్యచే దెలిసెను.

రాష్ట్రవిలీనము పిదప గొంతకాలము బెజవాడ, హైదరాబాదు పత్రికలే బస్సులమీదను రైళ్లమీదను వచ్చుచుండెను. వరంగల్లున ఎం. ఎస్. ఆచార్య 1958లో 'జనధర్మ' వారపత్రికను స్థాపించి, తరువాత 'వరంగల్ వాణి' యను దినపత్రికను నడపెను. కరీంనగరమున బి. విజయకుమారు సంపాదకత్వమున 'జీవగడ్డ' దినపత్రిక వెలువడెను. ఈ పేరు గమనింపదగినది. జీవశబ్దము తత్సమము, గడ్డ యాచ్ఛికము. సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని చిన్నయసూరి విభజించిన సమాసములలో నిది మిశ్రము. రాయప్రోలు సుబ్బారావు దేశభక్తిగీతమువలన నీ పదము తెలుగునాట నందఱి నోళ్ల నానినది. పెద్ద పత్రికల పేళ్లలో వెలుగును జెప్పునవి హెచ్చు: ప్రభ, జ్యోతి, ఉదయము. 'ఈనాడు' పేరున జమత్కారము గలదు. నాడు అనగా దినము, నాడు అనగా దేశము. 1974లో విశాఖపట్టణమున నొక పట్టణపు పత్రికగా బుట్టి, మఱుసటి యేడు హైదరాబాదు చేరి, రాష్ట్రమంతట వ్యాపించిన యా పత్రిక చరిత్ర యా శ్లేషలోనే యిమిడియున్నది. కరీంనగరపు పత్రిక పేరు మాత్రము వెలుగును గాక నేలను జెప్పినది. అధికరణమే నామధేయమైనది. చిన్నపత్రికకు దనదని చెప్పుకొనదగిన సొత్తు నేల యొక్కటియేగదా.

జిల్లాదినపత్రిక నడచు తీరును దెలియనివారికి దాని వాక్యము తెలియదు. యజమాని, సంపాదకుడు, విలేఖకుడు పలుమాఱు లొక్కడే. చందాలు కాగితపు ఖర్చునకు జాలవు. న్యాయస్థానపు ప్రకటనలు, గుత్తపనుల ప్రకటనలు, చలనచిత్రశాలలు, బళ్లు, శుభాకాంక్షలు - వీనివలన వచ్చు రొక్కముతో ముద్రణాలయము నడువవలెను. గుత్తపనుల ప్రకటన నిచ్చునది కార్యాలయము. ఆ గుత్తదారును గుఱించియే మఱునాడు వార్త వ్రాయవలసివచ్చును. అంతకంటె విచిత్రమైన దింకొకటి గలదు. 1867 నాటి పత్రికాచట్టము ప్రకారము పత్రిక పెట్టువాడు జిల్లా మేజిస్ట్రేటు నెదుట వాఙ్మూల మీయవలెను. 2023 నాటి క్రొత్తచట్టము దాని స్థానమున వచ్చువఱకు నిదియే పద్ధతి. ఏ యధికారి చర్యలను విమర్శింపవలెనో, ఆ యధికారి బల్ల యెదుటనే పత్రిక పుట్టుచుండెను. ఆ చట్టమే ప్రతి సంచికయందును ముద్రాపకుని, ప్రకాశకుని, సంపాదకుని పేళ్లను, ముద్రణస్థలమును దప్పక యచ్చువేయుమని శాసించెను. కడపటిపుట యడుగున సన్నని యక్షరములతో నుండు నా పంక్తిని జదువువా డుండడు. కాని కారకము లన్నియు నిండుగా గల వాక్యము పత్రిక మొత్తముమీద నదియొక్కటియే యగుట యరుదు గాదు. తన కర్తను జెప్పుటకు జట్టమువలన గట్టువడినది పత్రిక. తాను చెప్పు క్రియకు గర్తను జెప్పుటకు దానికి ధైర్యమే కట్టుబాటు.

ఇక్కడనే చిక్కు. దగ్గఱి పత్రిక కర్త నెఱుగును, చెప్ప వెఱచును. దూరపు పత్రిక వెఱవదు, ఎఱుగదు. ఉత్తర తెలంగాణ పత్రికాభాష యంతయు నీ రెంటి నడుమ నలిగినది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల ప్రదర్శనము జరిగెను. ఆ యక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను బ్రభుత్వము కల్లోలితప్రాంతములుగా బ్రకటించెను. కల్లోలితపదము తారకాదులమీది ఇతచ్ ప్రత్యయముచే సిద్ధము. దానియర్థము కల్లోలము పుట్టినది యని మాత్రమే. పుట్టించిన దెవరో యా ప్రత్యయము చెప్పదు. శాసనకర్తలు వ్యాకరణము నాలోచించి యీ పదము నేఱిరని యెంచరాదు గాని, యింతకంటె ననుకూలమైన ప్రత్యయము వారికి దొరకియుండదు. ఆ దినములనుండి రెండుమూడు దశాబ్దులు ఈ జిల్లాల వార్తలలో మఱల మఱల వచ్చిన క్రియ 'జరుగు'. కాల్పులు జరిగినవి, దాడి జరిగినది, సంఘటన చోటుచేసికొన్నది.

పత్రికలలో 'బడు' ప్రయోగములు మితిమీఱినవని, అవి యాంగ్లేయవాసన గలవని భాషావేత్తలు నిందించుట కలదు. ఆ నింద తగినదే. అయినను నపరాధి వేఱొకడు. 'రక్షకభటులచే నతడు కాల్పబడెను' అనునది తెలుగునకు బొసగని వాక్యమే కావచ్చును. కాని యందు గర్త తృతీయావిభక్తితో నిలిచియున్నాడు. తృతీయాంతమును దొలగించినను 'ఎవరిచేత?' నను నాకాంక్ష పాఠకునకు మిగిలియుండును. 'కాల్పులు జరిగినవి' యను వాక్యమున నా యాకాంక్షయే పుట్టదు. క్రియ యకర్మకమై, కాల్పులే కర్త స్థానమున గూర్చుండి, వాన కురిసినట్లు, ప్రొద్దు గ్రుంకినట్లు, కాల్పులు వానియంతట నవియే జరిగిపోవును. 'పోలీసుకాల్పులు' అని సమాసము చేసినచో గృద్యోగమున గర్తకు షష్ఠి వచ్చినట్లు కొంత తెలియును. కాని వెంటనే కర్మ మాయమగును, ఎవరిని గాల్చిరను ప్రశ్న మిగులును. తెలుగు క్రియాస్వభావము కర్మణిప్రయోగమును దూరముంచినదని సంతసించు వైయాకరణుడు, కర్తను దాచుటకు దెలుగున నంతకంటె నునుపైన మార్గము గలదని యొప్పుకొనవలెను.

ఎదురుకాల్పులు అను పదమును విడిగా విమర్శింపవలెను. ఎన్‌కౌంటరు అను నాంగ్లపదమునకు సాటిగా బుట్టిన యీ తెలుగు సమాసము చూచుటకు సొంపైనది. 'ఎదురు' అను పూర్వపదము మొదట నవతలివాడు కాల్చెనని, ఇవతలివాడు ప్రతిక్రియ చేసెనని ధ్వనింపజేయును. న్యాయస్థానమున గొన్నియేండ్లు వాదింపవలసిన విషయమును బూర్వపద మొక్కటి యొక నిమిషములో దీర్చివైచినది. రెండవప్రక్కను నిట్టి పదమే కలదు. దళములు గ్రామస్థునెవనినైన జంపినపుడు 'ఇన్‌ఫార్మరను నెపముతో' నని వ్రాయుట పరిపాటి. నెపమనగా మిష, అది యసత్యమను నర్థ మా పదముననే యున్నది. 'అనుమానముతో' నన్నచో సత్యాసత్యములు తేలనివగును. 'అని ప్రకటించి' యన్నచో వక్త తెలియును. మూడింటిలో నేదానిని వ్రాసినను విలేఖకు డొక తీర్పు చెప్పినవాడే. పట్టణమున గాపురముండి, ప్రొద్దున ఠాణాకు బోయి, సాయంకాలము వచ్చు బెదరింపులేఖను జదువుకొను విలేఖకునకు నిది యలంకారశాస్త్రచర్చ గాదు. అతడు పదమును దూచి వాడెను. వానిని నిందించుట సులభము. అట్టివాని వాక్యములలోనే యొక్కొకచో ఊరిపేరును, ప్రొద్దును, శవము పడియున్న చేని యజమానిపేరును జెక్కుచెదరక యుండుట గమనించినవాడు మాత్రము నిందింప జంకును. కర్తను జెప్పలేనివాడు అధికరణమును గట్టిగా బట్టుకొనెను. సంస్కృతవైయాకరణులు దేశకాలములను శబ్దార్థనిర్ణయసాధనములలో జేర్చిరి. భర్తృహరి వాక్యపదీయమున నా పట్టిక ప్రసిద్ధము. చదువరులు కర్త నధికరణమునుండి యూహించుకొనిరి.

ప్రమాదశబ్దము సంగతి యింకను శోచనీయము. సంస్కృతమున బ్రమాదమనగా నేమఱుపాటు, అనవధానము. ఆ యర్థము నమరుడే చెప్పెను. ప్రమాదమునకు బ్రమత్తు డుండియే తీరవలెను. తెలుగుపత్రికలలో నా పదమునకు దానంతట వచ్చిపడిన యాపద యను నర్థము స్థిరపడినది. ఇది దేశభాషలలో సహజమైన యర్థపరిణామమే, దానిని ద్రోసిపుచ్చుట యెవరి తరమును గాదు. కాని గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతములలో సింగరేణి బొగ్గుబాయి పైకప్పు కూలినపుడు 'గనిప్రమాదము' అను శీర్షిక పెట్టుటవలన గలుగు నష్టము పెద్దది. పైకప్పునకు దన్ను నిలుపవలసినవా డెవడు, పరీక్షింపవలసినవా డెవడు, పరీక్షించితి నని చిట్టాలో సంతకము చేసినవా డెవడు? పూర్వార్థమున ప్రమాదపదమే యీ ప్రశ్నల నన్నింటిని వేయును. నేటి యర్థమున నన్నింటిని మూసివేయును. దానిపై 'ప్రమాదవశాత్తు' అని పంచమ్యంతమునకు దెలుగు తొడుగు తొడిగిన రూప మొకటి గలదు. ఏమఱుపాటునకు వశుడై యని దాని యర్థము. ఏమఱినవానికి గాక చచ్చినవానికి దానిని విశేషణముగా జేర్చుచున్నారు. సింగరేణి పల్లెలలో జనులు 'బాయిల పడ్డడు' అని గాని, 'కప్పు కూలింది' అని గాని యందురు. అందు సంస్కృతము లేదు, అసత్యమును లేదు.

ఈ పరిస్థితిని 1989 మార్చివైచెను. ఆ యేట 'ఈనాడు' జిల్లాకొక చిన్నసంచికను బ్రధానపత్రికతో జేర్చి యిచ్చుట మొదలిడెను. 1985లో దాలూకాలకు బదులు మండలము లేర్పడియుండుటచే మండలమున కొక విలేఖకుని నియమించు వీలు చిక్కెను. చిన్నయంగడి ప్రకటన, పుట్టినదినపు శుభాకాంక్ష, పల్లెచెరువు గండి - అంతవఱకు స్థానికదినపత్రికకు మాత్రమే దక్కిన వస్తువు లన్నియు బెద్దపత్రిక లోపలికి బోయినవి. ఇతర పత్రికలు నా మార్గమునే త్రొక్కినవి. 2008 మార్చిలో 'సాక్షి' పుట్టుకతోనే యిరువదిమూడు ముద్రణస్థానములతో బుట్టినది. రంగుల ముద్రణము, తెల్లవాఱుజామునకే వాకిట బడు కట్టలు, అంత తక్కువధర - స్థానికదినపత్రిక వీనికి దాళజాలలేదు. ఇది వర్తకమున గలిగిన యోటమి. భాషలో నేమి జరిగినదను ప్రశ్న వేఱు. దాని యుత్తరము ద్విముఖము.

లాభ మిది: పెద్దపత్రిక యొక్క ధైర్యమునకు జిన్నపత్రిక యొక్క యెఱుక తోడయ్యెను. విలేఖకు డూరిలో నున్నను యజమాని యూరిలో లేడు. జిల్లాయధికారి కోపము పత్రికను మూయింపజాలదు. గర్తలు కొంద ఱిందువలన బయటపడిరి. నష్ట మిది: వాక్యము నూరిలో బుట్టి, దూరపు బల్లమీద దిద్దబడి, మరల నూరికి వచ్చుటచే నూరిమాట దారిలో జాఱిపోయినది. 1935 నాటి సిరిసిల్ల సభావార్త పోయివచ్చిన త్రోవయే యిది. వేగము మాత్రము హెచ్చినది. చెఱువు మత్తడి దూకినదని కరీంనగరపు రైతు చెప్పగా, కలుజు పొంగినదని యచ్చయ్యెను. పహాణీ యడంగలుగా మాఱెను. మక్కలు మొక్కజొన్న లయ్యెను, కైకిలి కూలియయ్యెను. ఇవి గ్రామ్యములు గావున దిద్దుట యొప్పునని యనువారు గలరు. ఆ వాదము నిలువదు. గ్రామ్యత్వము రూపమునకు సంబంధించినది. 'పోతుండు' అనుచో రూపము గ్రామ్యమని దిద్దవచ్చును. మత్తడి, పహాణీ యనునవి సంజ్ఞలు. సంజ్ఞను మాఱ్చినచో సంజ్ఞి మాఱును. తెలంగాణ రైతు తహసీలు కార్యాలయమునకు బోయి యడంగలు నడిగినచో నతనికి గాగితము దొరకదు.

సిరిసిల్లయం దీ దోషము ముదిరి యనర్థమైనది. అచ్చటి మరమగ్గమునకు సాంచ యని పేరు. నూలు పెట్టుబడి పెట్టు సేటు, ఆ నూలు తెచ్చి తన సాంచలపై నేయించు ఆసామి, ఆసామియొద్ద సాంచ నడపు కార్మికుడు - ఇవి మూడు మెట్లు. నేయువాడు, నేయించువాడు, నేయించువానిచే నేయించువాడు అని ప్రేరణార్థక క్రియకు నింతకంటె జక్కని యుదాహరణము పాఠశాలలలో జెప్పుట కష్టము. ప్రయోజ్యకర్తయు బ్రయోజకకర్తయు నొకే వీథిలో గాపుర మున్నారు. సిరిసిల్ల యాత్మహత్యల కాలమున నగరసంచికలు వీరిలో నెవరు మరణించినను 'నేతన్న' యని యొక్కటే పేరు పెట్టినవి. పేరు మెత్తనిది, దయగలది; కాని సాంచలు కొనుటకు దెచ్చిన యప్పులో మునిగిన యాసామి దుఃఖము వేఱు, బీము దిగినంతనే కూలి నిలిచిన కార్మికుని దుఃఖము వేఱు. ఎవనికి నెవడు బాకీపడియున్నాడో తెలియనిచో సహాయ మెవనికి నందవలెనో యెట్లు తెలియును? 'అన్నదాత' యను పదము పట్టాదారునకును గౌలుదారునకును నడుమ నిట్లే తెర దించినది. గౌరవవాచకములు కర్తను దాచుటలో గల నేర్పు నింతవఱకు నాలంకారికు లెవరును వివరింపలేదు.

ఊరిమాటకు గౌరవము తెచ్చిన ప్రయత్నములు లేకపోలేదు. ఆదిలాబాదు జిల్లావాడగు సామల సదాశివ 'వార్త' దినపత్రికలో వ్రాసిన శీర్షికకు 'యాది' యని పేరు పెట్టెను. స్మృతి యనలేదు, జ్ఞాపక మనలేదు. పారసీకమునుండి యుర్దూద్వారా వచ్చి యింటిమాటయైపోయిన యా పదమున కచ్చులో నంతటి మన్నన యంతకుముందు దొరకియుండదు. 2011 జూన్ 6న మొదలైన 'నమస్తే తెలంగాణ' యీ మాండలికపదములను శీర్షికలకు నెక్కించెను. అచట నింకొక పొరపాటు పొడసూపినది: సంజ్ఞలతోబాటు రూపములను గూడ నలంకారార్థము వాడుట. మత్తడి శీర్షికలో నుండదగును. వార్తలో లేని యాసను శీర్షికకు మాత్రము పూసినచో నది వేషము. 2016 అక్టోబరు 11న గరీంనగరమును విడదీసి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలను, ఆదిలాబాదును విడదీసి నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలను జేసినపుడు జిల్లాపుటలు పెరిగి, వార్తలవిస్తీర్ణము తగ్గెను. జగిత్యాలవాడు సిరిసిల్లసంగతిని జదువు వీలు సన్నగిల్లినది. 2020లో నంటువ్యాధికాలమున బలుపత్రికల జిల్లాసంచికలు చిక్కి ప్రధానపత్రికలో గొన్ని పుటలై కలిసినవి.

ఆదిలాబాదు సంగతి కడపట జెప్పవలసివచ్చుట యన్యాయమే. పత్రికలు చేయు నన్యాయమును నదియే. గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు - ఇన్ని భాషల జిల్లాకు వార్తలు ముఖ్యముగా దెలుగుననే వచ్చును. 1940లో జోడేఘాటున గుమ్రం భీము చంపబడిన పిదప నా ప్రాంతమునకు వచ్చిన హైమన్‌డార్ఫు మార్లవాయిలో గోండి పాఠశాల పెట్టించి, దేవనాగరిలిపిలో గోండి వాచకములను సిద్ధపఱచెను. అట్టి యక్షరములకు బత్రిక తోడుపడలేదు. తెలుగుపత్రికల జిల్లాపుటలలో గోండులు కనబడు విభక్తులను లెక్కించినచో జతుర్థియే ముందుండును: గిరిజనులకు బట్టాలు, గిరిజనులకు వైద్యము. పిదప ద్వితీయ: గిరిజనులను దరలించిరి. ప్రథమావిభక్తి నందుకొనుట కేస్లాపురము నాగోబా జాతరలోను, దండారి గుస్సాడి యాటలలోను మాత్రమే తఱచు. ఆడునపుడు కర్తలు, అడుగునపుడు సంప్రదానములు.

1981 ఏప్రిలు 20, సోమవారము, ఇంద్రవెల్లిలో నంగడి దినము. సభకు గూడిన గోండులపై రక్షకభటులు కాల్చిరి. మృతులు 13 మంది యని ప్రభుత్వపు లెక్క. అంతకు బెక్కురెట్లని పౌరహక్కుల సంఘముల వాదము. సంఖ్యనుగుఱించి నేటికిని వివాద మున్నది గాని క్రియను గుఱించి వివాదము లేదు. అయినను వ్రాతలో నది సాధారణముగా 'ఇంద్రవెల్లి ఘటన'. ఘటన యనగా గూడుట, కలియుట. అచట గూడినవారు గోండులు, కాల్చినవారు వేఱు. పేరు కూడుటకు బెట్టి కాల్చుటను విడిచిరి. మృతుల స్మృత్యర్థము కట్టిన స్తూపము 1986లో గూల్చివేయబడి, తరువాత మరల గట్టబడినది. కూల్చినవారు గుర్తు తెలియని వ్యక్తులు. పత్రికాభాషలో గర్తృపదములలో నెల్ల నిది యత్యంతచమత్కారి. విభక్తి ప్రథమ, వచనము బహువచనము, క్రియతో సమన్వయము నిర్దుష్టము. ఆకాంక్షాయోగ్యతాసన్నిధులు మూడును వ్యాకరణరీత్యా సిద్ధించినవి. కర్త మాత్రము లేడు. ఏటేట నేప్రిలు 20 సమీపింపగా నాదిలాబాదు పుటలలో నీ సంగతి మరల వ్రాయబడుచున్నది. స్తూపమువద్దకు బోయి నిలుచు క్రొత్తవిలేఖకుడు 'కాల్పులు జరిగిన చోటు' అని వ్రాయునో, 'కాల్చిన చోటు' అని వ్రాయునో పరిశీలింపదగును.